ట్యాబ్ పలకడం లేదు

కొత్త మిషనొచ్చి ఇది మూడో రోజు.
పాతది వానకి తడిసింది. కిటికీ మూయనిది నేనే,
ఆ సంగతి షావుకారికి ఇంకా తెలీదు.

గిట్ చెకౌట్ అని కొట్టి, పక్కన తూ అని కొట్టి
ట్యాబ్ మీద చిటికెనవేలు వేశాను.
ఏమీ లేదు.
మళ్ళీ నొక్కాను. టింగుమంది.
ఇంకోసారి నొక్కితే
కొమ్మల పేర్లడిగినదానికి
ఫోల్డర్లో ఉన్న కాగితాలు తెచ్చి గుమ్మరించింది:
తూకంబిల్లు మార్చి, తూకంబిల్లు ఏప్రిల్,
తూకంబిల్లు ఏప్రిల్ అసలుది.
ఉప్పడిగితే పప్పు పొట్లం కట్టే కొట్టువాడిలాగ.

కాశీబుగ్గ గేటు పడింది.
గూడ్సు పోతున్నంతసేపూ బల్ల వణికింది,
కర్సరు మాత్రం ఏమీ ఎరగనట్టు
ఆరుతూ, వెలుగుతూ.

అవతలి షెడ్డులో అసిరమ్మ జీడిపప్పు ఏరుతోంది.
ఐదేళ్ళుగా నేను చూస్తున్నాను, ఆమె చూడదు.
వేలికి పప్పు తగలడం,
నూట ఎనభయ్యో రెండొందల నలభయ్యో తేలడం,
పళ్ళెంలో పడడం, అంతా ఒకటే చప్పుడు.
బద్దయితే చప్పుడు వేరు.
మొన్న ఆమెకి బల్ల మార్చారు, స్టీలుది.
రెండు రోజులు రకం తప్పింది.
"సెయ్యి మరిసిపోనేదు గుంటా,
బల్లకే నానెవులో ఇంకా తెల్దు" అంది.

వేలు సరే. తీగ సరే.
సీడీ అంటే ట్యాబ్ దారి చూపిస్తోంది,
గిట్ దగ్గరికొచ్చేసరికే మూగనోము.
అసలు ఫైలుందా?
ఉంది. మూడు అరల లోపల, వేల లైన్ల పొడుగున,
ఒక్క అక్షరం చెడకుండా కూర్చునుంది,
బొట్టుపెట్టి పిలవలేదని
గడప దాటని పేరంటాలులాగ.
పిలవాల్సింది నేను. బాష్-ఆర్‌సీ అడుగున ఒక్క లైను.
రాసి, టెర్మినల్ మూసి తెరిచాను.
(మూయకుండానే రెండుసార్లు చూసి
దాన్నే తిట్టాను, అదీ చెప్పాలి.)

గిట్ అంటే పలికింది.
నా చెయ్యి గిట్ అనదే! జీ అంటుంది.
మూడక్షరాలకి బద్ధకించి పెట్టుకున్న ముద్దుపేరు.
ముద్దుపేరుకి మళ్ళీ మౌనం.
రేషను ఆఫీసులో ఇలాగే అయింది మాకు.
ఊరంతటికీ బుల్లోడు మా నాన్న, కార్డులో దాలినాయుడు.
"బుల్లోడెవరూ లేడమ్మా" అన్నాడు గుమస్తా,
నాన్న అతని బల్లకి ఆనుకుని నిలబడుండగా.

ఇంకో లైను రాశాను.
ఈ జీ అన్నది ఆ గిట్టే సుమా, వేరెవరో కాదు, అని.
పేరుకి ముందు రెండు అండర్‌స్కోర్లు,
ఇద్దరు సాక్షుల వేలిముద్రల్లాగ.

తూ. ట్యాబ్. ట్యాబ్.
తూకం-కొత్తరేటు
తూకం-తేమకోత
తూకం-కూర్మారావు-సగం

మూడోది ఉన్నట్టే నాకు గుర్తులేదు.
కూర్మారావు పోయిన సీజన్లో పని మానేసి
భావనపాడులో ఐసు మిల్లు చూసుకుంటున్నాడు.
ఆ కొమ్మలోకి వెళ్ళాను. ఆఖరి కమిట్‌లో
"సాయంత్రం చూస్తాను" అనుంది.
తేదీ పద్నాలుగు నెలల కిందటిది.

ఫోన్ చేశాను. వెనకాల ఐసు దిమ్మలు జారుతున్న మోత.
"కూర్మన్నా, నీ తూకం కొమ్మలో ఒకటి..."
"సున్నా తరవాత సుక్క కదా?" అన్నాడు.
"ఎట్టనేదు. తెలుసు.
ఒక్కోపాలి నిద్దట్లో గేపకవొత్తాది."

చుక్క పెట్టాను.
తొంభై కిలోలు తొమ్మిదొందలవడం మానేశాయి.

అప్పుడే షావుకారు గుమ్మంలోకొచ్చి
"అమ్మాయ్, ఆ కిటికీ..." అన్నాడు.
"నేనేనండి, నేనే మూయలేదు" అన్నాను.

ఉక్కగా ఉంది, తెరవమని చెప్పడానికొచ్చాడట.