అంగుళంలో వెయ్యోవంతు

సైదాపురం రోడ్డుమీద ఎండాకాలం
కళ్ళు చికిలించకుండా నడవలేం.
దుమ్మంతా అభ్రకం.
బర్రెల వీపులమీద, చెప్పుల అంచుల్లో,
అప్పుడప్పుడూ అన్నం ముద్దలో కూడా ఒక తళుకు.
కాకిబంగారమని పేరు. కాకులు కూడా ముట్టవు.

కసుమూరు దర్గాకి మొక్కుకుంటే పుట్టిన మా జేజి మస్తానమ్మ
పన్నెండేళ్ళకే రేకుల షెడ్డులో కూర్చుంది.
కత్తిమొనతో రాయిని పుస్తకంలా తెరిచి
పొర తర్వాత పొర
అంగుళాన్ని వెయ్యి రేకులు చెయ్యాలి.
చదువురాని పిల్ల
ఎన్ని పేజీలు తిప్పిందో.

"యాడికి పొయ్యేది జేజీ అదంతా?"
"మద్రాసుకి. ఆడ్నించి ఓడలో యుద్ధానికి.
ఇంకా పల్చన, ఇంకా పల్చన అంటా ఉండేవోడు మేస్త్రీ.
ఆగస్టులో ఒకనాడు రావద్దన్నాడు.
యుద్ధం అయిపొయ్యిందంట.
మా కూలి కూడా అయిపొయ్యింది."

ఆ ఆగస్టునే నేను పదో తరగతికి చెప్తాను.
పొద్దున ఎనిమిదింబావు. ట్రాములు తిరుగుతున్నాయి.
పన్నెండేళ్ళ పిల్లలు వీధుల్లో
కూల్చిన ఇళ్ళ పెంకులు ఏరుతున్నారు.
ఆ ఒక్క క్షణంలో వేడిగా మారిపోయిన పదార్థం ఎంతో
గ్రాముల్లో రాస్తే ఎవరికీ పట్టదు,
కంసాలి తూకంలో చెప్తాను:
ఆరు గురిగింజల ఎత్తు.
"ముక్కుపుడకంతే గదా సార్!"
వెనక బెంచీ కాలేషా నవ్వుతాడు.

అంతే.
దానికే ఇళ్ళ పెంకులు పాలలా పొంగి బుడగలు కట్టాయి.
దాహమని ఏటికి పోయినవాళ్ళు ఏట్లోనే ఉండిపోయారు.
మూడు రోజులకి ఇంకో బాంబు.
అది పడాల్సిన ఊరు వేరే.
అక్కడ మబ్బు పట్టింది.
మబ్బు పడితే మనం వడియాలు తీసేస్తాం.
వాళ్ళు ఊరు మార్చారు.

జేజి చీల్చిన రేకు
ఆ విమానంలో ఏ రేడియోలోనైనా ఉందా?
రాసిపెట్టిన లెక్క ఎక్కడా లేదు.
ఉండకపోవచ్చు.
అనుకుంటాను, ఉండకపోవచ్చని.

గనుల్లో అభ్రకం మధ్య నల్లరాయి కూడా తగిలేదట,
తారులా నిగనిగలాడే బరువు రాయి.
పనికిరాదని గుట్టపోసేవాళ్ళు.
యుద్ధం ముగిశాక కొన్నేళ్ళకి జీపులో ఎవరో వచ్చారు,
బల్లి పలికినట్టు టిక్కుమనే పెట్టెతో.
గుట్ట దగ్గర అది ఆగకుండా పలికింది.
జేజి నేలమీద మూడుసార్లు తట్టి
కృష్ణ కృష్ణ అనుకుందట.
రాళ్ళు గోతాల్లో కట్టి తీసుకుపోయారు.
ఎందుకో ఈసారి కూడా ఎవరూ చెప్పలేదు.

తొంభై ఎనిమిదిలో ఎడారిలో మనవీ పేలాయి.
గూడూరు టవర్ క్లాక్ దగ్గర టపాసులు.
ఎవరో నా చేతిలో లడ్డు పెట్టారు.
తిన్నాను. బాగుంది కూడా.
గురివింద గింజకి తన కింద నలుపు తెలీదంటారు.
చేతిలో పెట్టి తిప్పి చూసుకుంటే
తెలుస్తుంది.

ఎనభై మూడో ఏట జేజికి పింఛను ఆగింది.
మిషన్‌మీద బొటనవేలు పెడితే
గీతలే లేవు.
అన్నీ అభ్రకం తినేసింది.
"నేనెవురో దానికి తెలవదంట," నవ్వింది జేజి,
ఆ నున్నటి వేలు నాకు చూపించి.

అక్కడ బ్యాంకు మెట్టుమీద
తలుపులు తీస్తారని కూర్చున్న మనిషి
లేదు. రాతిమీద నీడ మిగిలింది.
ఇక్కడ మనిషి ఉంది, ముద్ర లేదు.
ఈ రెండూ పక్కపక్కన బోర్డుమీద రాశాను ఒకరోజు.
రాసి, అన్యాయమనిపించి, చెరిపేశాను.
జేజి పోయింది ముసలితనంతో, నిద్రలో,
నీళ్ళు అడిగి, తాగి.

"మన రాయి ఉండాదా సార్ ఆ బాంబులో?"
కాలేషా ఈసారి నవ్వలేదు.
తెలీదురా అన్నాను.
సుద్దముక్క కింద పెట్టాను.
"పరీక్షకి రాదు గదా సార్?" ఇంకెవరో.

గంట కొట్టారు.
పిల్లలు రోడ్డుమీదకి ఒక్క పరుగు,
మోకాళ్ళదాకా మెరుస్తా.