పడవ కింద పలకలు

ట్రైలర్ మీది పాత పలకకు గోరు ఆనిస్తే
సంగటి ముద్దలోకి దిగినట్టు వేలు దిగింది.
లోపల చీమలు. బోల్టు చుట్టూ నల్లటి తడి.
పైన కప్పిన కార్పెట్టు మాత్రం బాగానే ఉండాది,
దివాలా తీసిన మనిషి మీద ఇస్త్రీ చొక్కా మాదిరి.

"ఇంకొక ఏడు లాగొచ్చు" అన్నాడు ఓబులేసు.
వాడు దేన్నైనా ఇంకొక ఏడు లాగుతాడు,
టైర్లు, అప్పులు, పంటినొప్పి.
పడవ అడుగు ఫైబరుది.
పలక కుంగిన చోట దాని కడుపు కుంగుతుంది,
ఆనక పగులుతుంది.
నేను ఒప్పుకోలే.

జమ్మలమడుగులో దస్తగిరి సామిల్లు.
పొట్టు వాసనకే రెండు తుమ్ములు.
"తొమ్మిదడుగులవి రెండు కావాల,
ఆరంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం."
"వాకిలికా, మంచానికా?"
"పడవకు."
ఆయప్ప రంపం ఆపి నా మొఖం చూసినాడు.
మా పక్క ఈ మాటకు ఎవరైనా ఒకసారి ఆగుతారు.

వేప చూపించినాడు. చెదలు ముట్టవు గానీ
తడిసి ఎండి తడిసి ఎండితే మెలి తిరుగుతుంది.
తుమ్మ గట్టిదే,
తొమ్మిదడుగులు వంకర లేకుండా పెరిగిన తుమ్మను
నా జన్మలో చూడలే.
ప్లైవుడ్డు వద్దన్నా, నీళ్ళల్లో అది ఉల్లిగడ్డ, పొర పొరా ఊడొస్తుంది.
మందు పట్టించిన పైను కావాలంటే ప్రొద్దుటూరు పోవాల.
మద్ది బరువు. కానీ నీళ్ళతో తగువు పెట్టుకోదు.
మద్ది దగ్గర చానాసేపు నిలబడినా.

"ఎర్రచందనం లేదా అబ్బా?" అన్నాడు ఓబులేసు నవ్వుతా.
దస్తగిరి నవ్వలే. గేటు దిక్కు చూసినాడు.

అప్పుడు కనపడినాయి, రేకుల కింద, గోడవార,
ముంపు ఊర్ల కట్టెలు.
ఊరు ఖాళీ చేసిన నెలలో లారీలకు లారీలు వచ్చినాయంట,
దంతెలు, దూలాలు, వాకిండ్లు,
పసుపు ఇంకా వదలని గడప ఒకటి.
టేకు దూలం, పొయ్యి పొగకు నల్లగా నిగనిగలాడతాంది.
నడిమధ్య ఇనుప కొక్కెం.
ఊయల కట్టిండారో, ఉట్టి కట్టిండారో.
"దాంట్లో మేకులుంటాయి, నా రంపం పండ్లు పోతాయి."
"మేకులు నేను పీకుతా."

పొద్దు గూకే దాకా పీకినా. ముప్పై ఏడు.
కొన్ని కొలిమిలో కొట్టిన నాలుగంచుల మేకులు,
ఒక్కొక్కటి వంగకుండా, తిడతా బయటికి వచ్చినాయి.
కొక్కెం ఆఖరున వచ్చింది.
నిలువునా కోస్తే లోపల కొత్త బెల్లం రంగు.
అన్నేండ్ల పొగ అర్ధ అంగుళం గూడా దిగలే.

అంచులు గుండ్రంగా చిత్రిక పట్టినా.
అవిసెనూనె మూడు పూతలు.
బోల్టు తలలు పడవను గీకకుండా లోపలికి దించినా.
ఓబులేసు లెక్క పెడతాన్నాడు కూలీ, నూనె, కొత్త కార్పెట్టు.
నేను వేరే లెక్కలో ఉన్నా.
పోయిన ఏడు పడవ నీళ్ళ మీద ఉండింది అరవై దినాలు.
అంతకు ముందు ఏడు, పదకొండు.
మిగతా ఎండంతా, గాలంతా, ఈ రెండు కట్టెల మీదనే.
పెన్న వస్తుంది, పోతుంది.
పడుకునే చోటు ముందు చూసుకోవాల.

ఆదివారం ర్యాంపు మీద ట్రాక్టరు వెనక్కి పోయింది.
నీళ్ళు చక్రాలకు వచ్చె, ఇరుసు దాటె.
పడవ ఒక్క వణుకు వణికి తేలింది.
పలకలు మునిగినాయి.
మేకుల బొక్కల్లోంచి బుడగలు,
సన్నగా, వరసగా, చానాసేపు.

ఓబులేసు చెయ్యెత్తి నీళ్ళ అవతల యాడికో చూపించబోయినాడు,
"ఆ దూలం ఊరు..."
"బ్రేకు చూసుకో" అన్నా.

పలకలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, ఎండకు మళ్ళా తగ్గుతాయి.
పది దినాలకు బోల్టులన్నీ
ఇంకొక చుట్టు బిగించాల.