డొల్ల చప్పుడు

షిగెనో సుత్తి పావు కిలో.
ముప్పై ఒక్క ఏళ్లుగా వంతెనల్ని కొడుతూనే ఉంది,
గట్టిగా కాదు,
కొత్త కుండ కొనేముందు వేలి కణుపుతో తట్టి చూస్తామే, అలా.
నేను ఆమె వెనక నిచ్చెనా సుద్దముక్కలూ మోసేవాణ్ణి.

కాంక్రీటు బాగుంటే ఖంగుమంటుంది.
లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే
గొంతు పూడినవాడు పలికినట్టు పలుకుతుంది.
అప్పుడు చెయ్యి వెనక్కి చాస్తుంది, తిరిగి చూడకుండా.
పసుపు సుద్ద అందిస్తాను.
ఒక గుండ్రం గీస్తుంది.

ఈ కొండ ఊరికి అరవై మూడు వంతెనలు.
సిమెంటు లారీలు బారులు తీరిన ఆ పన్నెండేళ్లలోనే
అన్నీ పుట్టాయి,
అన్నీ ఒక్కసారే ముసలివయ్యాయి.
అప్పుడు జనం తొమ్మిది వేలు.
ఇప్పుడు రెండు వేల నూట నలభై.
వంతెనలు మాత్రం ఒక్కటీ ఊరొదిలి పోలేదు.

మార్చిలో బడ్జెట్ సమావేశం.
కిరోసిన్ స్టవ్ వాసన, తడి గొడుగులు.
ఖజానా చూసే ఉసుయి కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు:
"సగానికి పైగా టోక్యో ఇస్తుంది.
మిగతాదానికి బాండ్లు. ఇరవై ఏళ్లలో తీర్చాలి.
ఈ ఏడు నాలుగు బాగుచేద్దాం. పదకొండు మూసేద్దాం."

"తీర్చేదెవరు?"
కోత మిల్లు కురెబయాషి, కూర్చున్నచోటి నుంచే.

బడిలో ఒకటో తరగతికి ఈసారి నలుగురు.
నలుగురి పేర్లూ గదిలో అందరికీ తెలుసు.
ఎవరూ పలకలేదు.

మూసే జాబితాలో పదిహేడో నంబరు.
దానికి అవతల మూడే ఇళ్లు.
మూడిళ్లకి మూడు కోట్ల ఎనభై లక్షల యెన్లా,
లెక్క తప్పని ఎవరనగలరు?
ఆ మూడింట్లో ఒకదాని ముసలమ్మ తొమె లేచింది.
వంతెన గురించి మాట్లాడుతుందనుకున్నాం.
"ఊరివాళ్లు కూడా బాండు కొనొచ్చా?" అంది.
కొనొచ్చు, కానీ పదేళ్లదాకా డబ్బు చేతికి రాదు,
ఉసుయి నసిగాడు.
ఆమెకి ఎనభై నాలుగు.
"పదేళ్లేగా" అని
సంచిలోంచి బ్యాంకు పుస్తకం తీసింది.

పదిహేడు జాబితాలోనే ఉండిపోయింది.
ఒక్క పుస్తకంతో జాబితాలు మారవు.
తొమెకి రసీదు రాసిచ్చారు.
కురెబయాషి గొడుగు వెతుక్కుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు.

దీపాలు ఆర్పేవేళ
మెట్ల పక్క స్తంభం దగ్గర షిగెనో ఆగింది.
అలవాటుకొద్దీ, సుత్తి కూడా కాదు,
వేలి కణుపుతో
రెండుసార్లు తట్టింది.
చెవి ఒగ్గింది.
మళ్లీ తట్టింది, కాస్త కిందుగా.

తిరిగి చూడకుండా
చెయ్యి వెనక్కి చాచింది.