దగ్గు

హాజరు పుస్తకంలో ఇరవై ఏడో నంబరు
గ్యార శ్రీశైలం.
పదో తరగతి, బి సెక్షను, తుకారాంగేట్ సర్కారు బడి.
నేను ఛందస్సు చెబుతుంటే
బల్ల మీద వేళ్లతో గురువులూ లఘువులూ కొట్టేవాడు.
"చెయ్యి ఆపు" అనేదాన్ని.
చెయ్యి ఆగేది, కాలు ఆగేది కాదు.

వ్యాసంలో "గట్లెట్ల" అని రాస్తే
ఎర్ర సిరాతో సున్న చుట్టాను.
ఆ సున్న ఇంకా నా వేలికే ఉంది, ఊడి రాని ఉంగరంలా.

తర్వాత వాడు నీళ్ల ట్యాంకరు మీద పనికి పోయాడు.
అడ్డగుట్ట ఎత్తు గల్లీల్లో
పైపు భుజాన వేసుకుని, బిందెల కొట్లాటలు దాటుకుంటూ.
రాత్రి పన్నెండు దాటాక, ట్యాంకరు ఖాళీ అయ్యాక,
మూత తీసి లోపలికి దిగి
ఫోన్లో రికార్డు చేసుకునేవాడట.
ప్రతి మాటనీ ఇనుము మూడు సార్లు తిరిగి చెప్పేదట.
పేరు మార్చుకున్నాడు: కంకర.
"మీరు నడిచే రోడ్డు కింద నేనే ఉన్న" అని.

నేను వినలేదు.
అది పాట కాదనుకున్నాను, పద్యం అసలే కాదనుకున్నాను.
డబ్బాలో రాళ్లు దొర్లించినట్టు ఆ గొంతు
ఆటోల్లోంచి, జెరాక్సు షాపులోంచి,
లోకల్ రైల్లో ఎవరో పోరగాడి జేబులోంచి వస్తుంటే
కిటికీ వైపు తిరిగాను.

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడని
పోయాకనే తెలిసింది.
ఇరవై నాలుగేళ్లు.
శవం ముందు మర్ఫా కొట్టినవాళ్లు
వాడి దరువే కొట్టారట.
నేను ఆ రోజు స్పాట్ వాల్యుయేషన్లో ఉన్నాను,
పూటకు ఇరవై పేపర్లు.

ఆ రాత్రి మా ఆయన నిద్రపోయాక
చెవుల్లో తీగలు పెట్టుకుని విన్నాను.
చివరి పాట, రెండో చరణం.
"నల్లా రాని గల్లీల పుట్టిన,
నాలిక తడుపుకోను మాట పట్టిన"
ఇక్కడ ఒక దగ్గు.
చిన్నది, పొడిది. వాడు తీసెయ్యలేదు.
ట్యాంకరు దాన్నీ మూడు సార్లు చెప్పింది.

మెట్టుగూడ దగ్గర గోడ మీద వాడి బొమ్మ గీశారు,
వాడికి ఎన్నడూ రాని గడ్డంతో.
వానకి సగం పోయింది, మిగిలిన సగం మీద
ట్యూషన్ల పోస్టరు.
దగ్గు మాత్రం బతికే ఉంది.
ట్యాంకర్ల స్టాండులో క్రికెట్ ఆడే పిల్లలు
ఆ చరణం అందుకున్నప్పుడల్లా దగ్గుతారు,
సరిగ్గా అక్కడే, అంతే పొడిగా,
జలుబైనా లేని గొంతులతో.
గడప మీద కూర్చుని చిక్కుళ్లు తుంచుతున్న వాళ్లమ్మ బాలమణి
ప్రతిసారీ
నీళ్ల చెంబు కోసం లేస్తుంది.

మొన్న ఎనిమిదో తరగతిలో సమ్రీన్‌ని
కందపద్యం అప్పజెప్పమన్నాను.
లేచింది. చున్నీ సర్దుకుంది.
రెండో పాదం మధ్యలో దగ్గింది.
క్లాసు నవ్వలేదు.
బల్లల కింద కాళ్లన్నీ కదిలాయి.

వేళ్ల మీద కొలిచాను, అలవాటు కొద్దీ.
మూడు గణాలు. దగ్గు. నాలుగో గణం మొదటి అక్షరం.
యతిస్థానం.
సంస్కృతంలో యతి అంటే ఊపిరి ఆగే చోటు,
తెలుగులో అక్షరాల చుట్టరికం.
ముప్పై ఏళ్లుగా ఈ తేడా బోర్డు మీద రాస్తున్నాను.
రెంటికీ ఒక్క దగ్గు సరిపోతుందని
ఏ లక్షణ గ్రంథమూ నాకు చెప్పలేదు.
తలుపు పక్క బల్ల
చెబుతూనే ఉండిందేమో.

"తప్పు పోయిందా టీచర్?"
నా చేతిలో ఎర్ర పెన్ను, మూత తీసే ఉంది.
"మళ్లీ చెప్పు."
"మొదటి నుంచా?"
"కాదు,
దగ్గు నుంచి."