రసీదు

తుపాను పోయిన పదకొండో రోజు
పల్లిపాలేనికి అట్టపెట్టెలొచ్చాయి.
కాకినాడ దాకా నిండుగానే వచ్చాయట,
మా రేవులో పంటు దిగేసరికి తేలికయ్యాయి.

సంగాడి నూకరత్నం మూడు దుప్పట్లకు వేలిముద్ర వేసి
ఒకటి తీసుకుంది.
"మిగతావి?"
"పైన తడిసిపోయాయమ్మా" అన్నాడు గుమస్తా.
ఏ పైనో చెప్పలేదు.

పెట్టె అడుగున ఓ కాగితం.
సంతలో ధర లేదు గనక
దాన్నెవరూ కాజేయలేదు.
ఏ దేశపు బడిపిల్ల రాతో,
కింద రంగుపెన్సిలు పడవ,
మా నావలకెప్పుడూ లేని ఎర్ర తెరచాప.
నేనే తెలుగు చేసి చెప్పాను:
"మేం కేకులమ్మి కొన్నాం. వెచ్చగా ఉన్నాయా?"

ఆ పుష్యమాసం అంబాజీపేట సంతలో
అవే నీలం చారలు, రెండొందల యాభై.
నూకరత్నం బేరమాడి రెండొందలకు కొంది.
నవ్వింది కూడా.

మరుసటేడు వరద.
గట్టెక్కింది గోదారే, మేం కాదు.
పెట్టెలు రాలేదు.
ఇచ్చేవాళ్ళకి లెక్క తేలలేదట, ఆపేశారట.
లెక్క ఎవరిదో,
వణుకు మాత్రం లంకది.

ఇవాళ నూకరత్నం కూతురి నోట్‌బుక్కులో కాగితం చింపి తెచ్చింది,
ఆ పిల్లకి జవాబు రాయమని.
"ఏం రాయను?"
"అందినదే రాయండి మాస్టారూ,
వేలిముద్ర నేనెయ్యను, సంతకం నేర్చుకున్నాను."

పాపా,
నీ పడవ అందింది.