డిసెంబరు పేజీ

వర్తూరు చెరువు కట్ట వెనక
పశువుల ఆసుపత్రిలో
పద్దెనిమిదేళ్లుగా నా పని గోమార్లు ఏరడం.

పటకారు, దూది, స్పిరిటు పోసిన ఊరగాయ సీసా.
నెత్తురు తాగినవి ఆముదపు గింజల్లా ఉంటాయి.
తాగనివి చొక్కా మీద రాలిన వక్కపొడి.
మేం గోమారి అంటాం, డాక్టరు కన్నడంలో ఉణ్ణి అంటాడు.
కుక్క ఏమీ అనదు,
చెవి నా చేతికిచ్చి
గోడకేసి చూస్తుంది.

నేను చేరిన కొత్తలో
డిసెంబరంటే సగం సెలవు.
మంకీ క్యాపులు చెవుల మీదికి లాక్కుని
ఇదే ఇనప బల్ల మీద క్యారమ్స్ ఆడేవాళ్లం.
వేళ్లు కొంకర్లు పోయి స్ట్రైకర్ జారేది.
అప్పటి రిజిస్టరు ఇంకా బీరువాలోనే ఉంది:
డిసెంబరు పేజీలో నాలుగే పేర్లు,
మిగతా చోటంతా
ఊసుపోక నేను పెన్సిల్తో గీసిన నెమలి.

ఇప్పుడు ఆ నెలకి
అదనపు కాగితాలు కుట్టుకుంటున్నాం.

మొన్న మునెమ్మ సీమావుని తోలుకొచ్చింది.
ఉచ్చ కాఫీ డికాషన్‌లా పోస్తోంది.
గాజుపలక మీద దాని నెత్తుటి చుక్క,
కణం లోపల కణంలో
బుల్లి బేరికాయల జంటలు.
"వాన పోవాల్సిన నెల్లో పోలే,
చలి రావాల్సిన నెల్లో రాలే.
ఇవొక్కటే అప్పా, టైముకొచ్చేవి" అంది.
రెండు పూటల పాలు పారబోసిందట,
ఆ మాట మాత్రం మెల్లగా చెప్పింది.

గోడ మీద డాక్టరు పటం.
మలెనాడులో కోతులు కొమ్మల మీంచి రాలిపడే జ్వరం
మాకు ఇన్నాళ్లూ
దూరపు చుట్టాల కబురు.
ఈ ఏడు గుండుసూదిని
రెండు వేళ్ల వెడల్పు ఇవతలికి గుచ్చాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఫ్యాన్ గాలికి పటం అంచు
టపటపా కొట్టుకుంటోంది.
డిసెంబర్లో ఫ్యాను!

రాత్రి స్నానమయ్యాక
జలజ టార్చి పట్టుకుని
నా మెడ, చంకలు, చెవి వెనక వెతుకుతుంది.
ఇదివరకు ఈ పని నవ్వుతూ చేసేది.

నేను చెవి ఆమె చేతికిచ్చి
గోడకేసి చూస్తాను.

"పుట్టుమచ్చే" అంటుంది.

ఇంకోసారి చూడు, అంటాను.