చిక్కుడు గింజంత

ధర్మాబాదు మిర్చి యార్డు ఎనక రేకుల కొట్టంల
మోత్యా కాళ్లు ఎడం చేసి నిలబడ్డది పొద్దటి నుంచి.
ధార రాలే. చుక్క. మళ్లా చుక్క.
నల్లా బందైనంక కారినట్టు.

రేపు బిలోలీల బరాత్.
అడ్వాన్సు తీసుకున్న, ఖర్చు కూడ పెట్టిన.

మాలేగావ్ జత్రల కొన్ననాడు
పండ్లు చూసిన, గిట్టలు ఎత్తి చూసిన,
కంటి ముందల ఏలు ఆడించి చూసిన.
కింద ఒక తోలుసంచి ఉంటదని
దాని లోపల కూడ కడగాలని
అమ్మినోడు చెప్పలే, నేను అడగలే.
ఇద్దరు మగోళ్ల మధ్యల గా మాట ఎట్ల వస్తది?

ఒక్కసారి బట్టల సబ్బుతోని రుద్దిన.
బకెటుకు పడ్డ సొట్ట ఇంక పోలే.

ఎంకుబాయి వచ్చింది,
నలభై ఏండ్లు పురుళ్లు పోసిన మనిషి.
"సిగ్గు నీకా, గుర్రానికా?"
గోర్లు కత్తిరించుకున్నది,
గాజులు తీసి నా జేబుల ఏసింది.
గోరువెచ్చని నీళ్లు మోచేతి మీద పోసుకొని చూసింది
పసిపిల్లకు చూసినట్టు.
సబ్బు అవతల పారేసి కొబ్బరినూనె తెమ్మన్నది.

నేను మెడ పట్టుకున్న.
ఆమె ముందుగాల భుజం నిమిరింది, తర్వాత పొట్ట,
నిమురుకుంట ఏందో మాట్లాడింది,
సగం మరాఠీ, సగం మనది,
నొప్పులొచ్చిన ఆడోళ్లకు చెప్పే మాటలు.
చెవులు ఎనకకు పోయినయి.
జరసేపటికి కింది పెదవి వదులైంది.

నల్లటి మడ్డి పొరలు పొరలుగ ఊడొచ్చింది,
ఇరిగిన పాలోలె వాసన.
ఆమె మొఖం తిప్పలే. నేను తిప్పిన.
ఆఖరికి, కొసన, చిన్న గుంతల
ఏలుకు తగిలింది.
అరచేతిల పెట్టి చూపింది:
చిక్కుడు గింజంత. బూడిద రంగు. రాయి.

గడియసేపు ఏం కాలే.
అప్పుడొచ్చింది ధార.
గడ్డి మీద పడ్డ చప్పుడుకు కోళ్లు ఉరికినయి.
గుర్రం ఉచ్చ పోస్తుంటె
నా కండ్లల్ల నీళ్లెందుకొచ్చినయో!

"ఆర్నెల్లకోపారి చాలు. దినాం కడిగినవనుకో, పుండు పడ్తది"
అని గాజులడిగి తొడుక్కున్నది. పైసలు వద్దన్నది.
"పిల్ల పుడితె చీర పెడ్తరు. దీనికేం పెడ్తవు?"
అనుకుంట నవ్వింది, మెట్టు దిగింది.

బిలోలీల మోత్యాకు జరీ జూలు, కాళ్లకు మువ్వలు,
పైన పెండ్లికొడుకు, మొఖం నిండ పూలు.
బ్యాండు జోరు మీదుంది.
సరిగ్గ బస్టాండు ముంగట
మోత్యా ఆగి కాళ్లు ఎడం చేసింది.
ఎనక బరాతంత ఆగింది.
పిల్ల మేనమామ కండ్లెర్రజేసి మీదికొచ్చిండు.

చెయ్యి అడ్డం పెట్టిన.
పోనియ్యిర్రి అన్న.
మొత్తం పోనియ్యిర్రి.